మెంతుల వాసన గడియారం

కొండయ్యాచారి ఎడం కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉండేది. జబ్బేం కాదు. కుడి కంటికి భూతద్దం తగిలించుకుని, ఎడం కన్ను మూసి, పొద్దస్తమానం గడియారాల కడుపుల్లోకి చూసీ చూసీ, ఆ రెప్పకి ఇంక పైకి లేవడమే బరువైపోయింది. భూతద్దం తీసేసి బజార్లోకి నడిచినా అది అలాగే వాలి ఉండేది. అమలాపురానికి కొత్తగా వచ్చినవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ఆ కంటికి వేరే అర్థం తీసేవారు. కూరలమ్మే బంగారమ్మ ఓసారి వంకాయలు తూస్తూ తూస్తూ తక్కెడ కింద పెట్టేసి, "ఏమండోయ్ ఆచారిగారూ, ఇంటికాడ అచ్చాయమ్మగారు బాగున్నారాండీ?" అని వీధి వీధంతా వినపడేలా అడిగింది. ఆ ప్రశ్నలోని కారం కొండయ్యకి ఇంటికెళ్లి కాళ్లు కడుక్కున్నాక గాని తగల్లేదు. అప్పట్నుంచి కూరలకి భార్యనే పంపేవాడు.

పుట్టింది కంసాలి ఇంట్లోనే. తాతా తండ్రీ కుంపటి ముందు వంగి వంగి పోయినవాళ్లు. కొండయ్యకీ చెయ్యి బాగానే తిరిగింది. జూకాల అంచున సన్న ఉలితో లత చెక్కితే, ఆకు వెనక ఆకు కదిలినట్టుండేది. కాని నగ చేయించుకునేవాళ్లు ఎదురుగా పీట వేసుకు కూర్చుని, లతకేసి కాకుండా అతని గోళ్లకేసి చూసేవారు. తల్లి బంగారమైనా కంసాలి కొంత గీరుకుంటాడని సామెత ఉండనే ఉంది కదా. ఆ చూపులకి విసిగి విసిగి కుంపటి ఆర్పేసి, గడియారాల పనిలోకి దిగేడు. గడియారంలో కాజెయ్యడానికి ఏముంటుంది, ఇత్తడీ ఇనుమూ తప్ప, అనుకున్నాడు పాపం. అందులో కెంపులుంటాయని అప్పటికింకా తెలీదు.

ఉంటాయి. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా ఆవగింజలో సగం లేని కెంపుల్లో వాటిని నిలబెడతారు. అవన్నీ కలిపి అమ్మినా తోటకూర కట్ట రాదు. అయితే ఎన్ని రాళ్లున్నాయో గడియారం లోపలి పలక మీద అచ్చుగుద్ది ఉంటుంది. దాంతో వెనకటి చూపులు మళ్లీ వచ్చి ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాయి.

ఆ చూపులన్నిట్లోకీ పెద్ద చూపు కేశవరావుగారిది. ముమ్మిడివరం దగ్గర కొబ్బరితోటలు, వరిచేలు ఉన్న ఆసామి. తండ్రి వాడిన జేబుగడియారం ఆయనకొచ్చింది. దాన్ని కడిగించడానికి తెచ్చినప్పుడల్లా విప్పకముందోసారి, బిగించకముందోసారి రాళ్లు చూపించమనేవారు.

"ఇదొకటా ఆచారీ... ఇది ఇందాక లెక్కెట్టిందేనా?"

"ఆయ్, ఇందాకటిదేనండీ."

"నువ్వు చెయ్యి అడ్డం పెట్టకయ్యా. మళ్లీ మొదట్నించీ రా."

కొండయ్య మళ్లీ మొదట్నించీ వచ్చేవాడు.

ఆ గడియారమంటే మటుకు అతనికి ప్రాణం. వెనక మూత మీద, నీళ్లలో గులకరాయి వేస్తే లేచే అలల్లాంటి గీతలు. అది అందరికీ కనిపించేదే. మూత తీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. చక్రాల్ని అదిమిపట్టే పై పలకల నిండా, దువ్వెనతో దువ్వినట్టు వెడల్పాటి చారలు. పలక కొంచెం వంచితే ఆ చారల్లో వెలుగు నడిచేది. వాటి కింద, చక్రాల నీడ పడే చోట కూడా, చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి ఎక్కిన చిన్న చిన్న వలయాలు. పలకల్ని బిగించే మరల తలలకి నెమలిమెడ నీలం. ఏ ఊరివాడు చేసేడో, గడియారం సొంతదారుక్కూడా కనపడని చోట ఇంత నగిషీ ఎందుకు పెట్టేడో! నగని తిరగేసి వెనకవైపు చూడమనేవాడు కొండయ్య తండ్రి. వెనక శుభ్రంగా ఉంటే ఆ పనివాడు దొంగ కాదుట. ఈ గడియారం చేసినవాడి మాట తండ్రికి చెప్పాలనిపించేది కొండయ్యకి. చెప్పడానికి ఆయన లేడు.

గడియారం బాగుచేసినవాడు వెనక మూత లోపల సూదిమొనతో తన గుర్తు ఒకటి గీసిపెట్టడం ఆ పనిలో ఆచారం. కేశవరావుగారి గడియారంలో ఎవరెవరివో పాత గుర్తులుండేవి. వాటి కింద కొండయ్య ఓ చిన్న చింతాకు గీసేడు. ఆ వరసలో చోటు దొరికినందుకు వారం రోజులు ఎవరితోనూ చెప్పుకోలేక అవస్థపడ్డాడు.

అలా ఉండగా యుద్ధం వచ్చింది. బియ్యానికీ కిరసనాయిలుకీ వచ్చిన కరువు అందరికీ తెలిసిందే. గడియారాల నూనెకి వచ్చిన కరువు ఒక్క కొండయ్యకే తెలుసు. ఆ నూనె సీమ నుంచి ఓడలో మద్రాసుకీ, మద్రాసు నుంచి పోస్టులో అమలాపురానికీ, చిటికెనవేలంత సీసాలో వచ్చేది. నలభై మూడులో సీసా అడుగంటింది. మద్రాసువాళ్లు ఓడలు రావడంలేదన్నారు. కుట్టుమిషను నూనెతో గోడగడియారాలైనా నడపొచ్చుగదా అంటే, పక్కనే మిషను పెట్టుకున్న దర్జీ ధనరాజుతో అప్పటికి మాటల్లేవు. ఇద్దరూ ఒకే అరుగు పంచుకునేవారు. తాటాకు పందిరి నీడ ఎవరివైపు ఎక్కువ పడుతోందన్న దాని మీద తగువొచ్చి రెండేళ్లయింది. "వాణ్ణి అడిగేకంటే గడియారాలకి నీళ్లు పోసుకుంటాను," అన్నాడు కొండయ్య.

నీళ్లు పొయ్యలేదు గాని దాదాపు అంత పనీ చేసేడు.

అచ్చాయమ్మ కొబ్బరిపాలు కాచి తలనూనె తీసేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు చెప్పి చేయించుకునేవారు. దించేముందు గుప్పెడు మెంతులు వేసేది. అదే ఆవిడ చేతి గుర్తు. ఆ నూనె సీసాలోంచి చూస్తే అవతలి మనిషి కనపడేంత తేటగా ఉండేది. ఆముదం జిగురు, నువ్వులనూనె పేరుకుపోతుంది, ఇది రెండూ కాదు. కొండయ్య దాన్ని గుడ్డలో వడగట్టి, సూదిమొనతో ఓ బొట్టు తన అంగట్లో గడియారానికి వేసి చూసేడు. నెలరోజులు చూసేడు. పట్టులా నడిచింది. ఆ వైశాఖంలో మొదలెట్టి, వానలు వెనకబట్టేదాకా, చేతికొచ్చిన గడియారానికల్లా అదే వేసేడు. కేశవరావుగారిదానిక్కూడా.

ధనుర్మాసం వచ్చింది.

మంచుకి కొబ్బరినూనె గడ్డకడుతుందని కోనసీమలో ఉగ్గు తాగే పిల్లకీ తెలుసు. కొండయ్యకీ తెలుసు. కాని తలకి రాసుకునే నూనె గడ్డకడుతుందని తెలియడం వేరు, గడియారంలో వేసిన నూనె కూడా ఆ నూనేనని గుర్తుండడం వేరు. తెల్లారేసరికి ఊళ్లో అతని చెయ్యి పడ్డ గడియారాలన్నీ నిలబడిపోయేయి. పొద్దెక్కి కాస్త కదిపితే మళ్లీ నడిచేవి. సాయంత్రం దాకా ఏ పాపమూ ఎరగనట్టు టకటకలాడి, మర్నాడు మంచు వేళకి మళ్లీ మొరాయించేవి. జనం వరసకట్టేరు. కొండయ్య ఒక్కొక్కటీ విప్పి చూసేవాడు. విప్పేసరికి పొద్దెక్కేది, పొద్దెక్కేసరికి అందులో జబ్బు కనపడేది కాదు.

ఓ పొద్దున్న అచ్చాయమ్మ గుమ్మంలో కూర్చుని, నూనె సీసాలోకి జడపిన్ను పోనిచ్చి, గడ్డకట్టిన నూనెని పెకలిస్తోంది. పిన్ను కొసన తెల్లటి ముద్ద బయటికొచ్చింది. కొండయ్య పళ్లు తోముకుంటున్నవాడు వేపపుల్ల నోట్లో అలాగే ఉంచుకుని ఆ ముద్దకేసి చూస్తూ నిలబడిపోయేడు.

"ఏమండీ, అలా చూస్తారేం? నాకు దెయ్యం గాని పట్టిందా?"

"నీకు కాదే," అన్నాడు నీరసంగా. "ఊరందరికీ పట్టించేను."

ఆ వేళ వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేడు. "మంచు పట్టిందండీ. ఎండలో పెట్టండి." అబద్ధం కాదు, నిజంలో సగం. దాంతో ఆ శీతాకాలం అమలాపురం అరుగుల మీద నూనె సీసాల పక్కన గడియారాలు కూడా వీపులు ఎండకి పెట్టి వరసగా కూర్చునేవి. బంగారమ్మ కూరల గంపతో పోతూ, "గడియారాలక్కూడా వడియాల్లాగ ఎండ కావలసొచ్చిందేంటండీ!" అని నవ్వేది. కొండయ్య తల వంచుకునేవాడు. కన్ను మటుకు అలవాటు ప్రకారం వాలేది.

ఈ నవ్వులకి అతను ఎలాగో ఓర్చుకునేవాడే. అంతలో కేశవరావుగారు తన గడియారాన్ని బావమరిది చేత మద్రాసు పంపిస్తున్నారని కబురొచ్చింది. అక్కడ పెద్ద కంపెనీలో పేరుమోసిన పనివాళ్లుంటారు. మూత తీస్తారు. మెంతుల వాసన కొడుతుంది. మూత లోపల ఆఖరి గుర్తు చింతాకు. ఆ పాత గుర్తులవాళ్లంతా పరాయివాళ్లే, చాలామంది పోయే ఉంటారు, కాని కొండయ్యకి వాళ్లే బంధుకోటి. వాళ్ల పంక్తిలోంచి లేవగొట్టించుకోవడం ఒక్కటీ అతనికి భరించరానిదయింది. గడియారం మద్రాసు దారి పట్టకముందే దాన్ని రాబట్టి కడిగెయ్యాలి. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు.

పెట్రోలు కరువులో బొగ్గు పొగతో నడిపే బస్సులో బయల్దేరేడు. అది సగం దారిలో ఆయాసపడి ఆగిపోయింది. మిగతా దారి కాలవగట్టంట నడిచేడు. చేరేసరికి మోకాళ్లు పట్టేసేయి.

కేశవరావుగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. "రావయ్యా ఆచారీ, కూర్చో. నా గడియారం నీకంటే బుద్ధిగా ఉంటోంది."

"అదేంటండీ?"

"మొన్నటిదాకా నా మొలనుంటే నడిచేది, గూట్లో పెడితే తెల్లారేసరికి నిలబడిపోయేది. ఇప్పుడు వారమై ఆగితే ఒట్టు. మద్రాసు గిద్రాసు అక్కర్లేదని మా బావమరిదితో చెప్పేశాను."

కొండయ్యకి సంతోషించాలో వద్దో తెలీలేదు. "ఓసారి చూడొచ్చాండీ?" అన్నాడు.

ఆయన గడియారం చేతికిచ్చి, స్నానానికి లేచి లోపలికెళ్లేరు. గడియారానికి వాసన పట్టింది. మెంతులదొక్కటే కాదది. కొంచెం పొగ వాసన కూడా వేస్తోంది. అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఉండగా, కేశవరావుగారి భార్య పద్మావతిగారు మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేరు.

"పొయ్యిగట్టు మీద పెడుతున్నానండీ, నూనె సీసా పక్కన," అన్నారావిడ గొంతు తగ్గించి. "ఆయన లేచే వేళకి తీసి గూట్లో పెట్టేస్తున్నాను."

కొండయ్య గ్లాసు అందుకోవడం మరిచిపోయేడు.

"నేను తలకి రాసుకునేది అచ్చాయమ్మగారి నూనే కదండీ. గడియారం ఎండకి పెడితే గదంతా ఆవిడ మెంతుల వాసనే. ఆయనకి ఏ వాసనా తెలీదు లెండి, పొడుం పీల్చే ముక్కు. నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి. మజ్జిగ తాగండి, చాలాదూరం నడిచినట్టున్నారు."

అంతే. పేరు నిలబడిపోయింది. మజ్జిగ తాగి ఇంటికెళ్లిపోవచ్చు. కొండయ్య మజ్జిగ తాగేడు. గ్లాసు కింద పెట్టేడు. పెట్టినవాడు లేవకుండా, గోటితో వెనక మూత తీసి, భూతద్దం కంటికి తగిలించుకున్నాడు. ఆ ఒక్క పనీ చెయ్యకుండా ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

కెంపుల చుట్టూ పచ్చటి పొర కట్టింది. ఇత్తడి కుందిలో నూనె నిలవుంటే పట్టే చిలుము అది. పొయ్యిగట్టు వేడికి నూనె పల్చబడి, పాకి, చారల్లోకి దిగింది. ఒక మర తల మీద నీలం మచ్చలు మచ్చలుగా లేచిపోయింది. ఇంకో వానాకాలం గడిస్తే ఆ చారలూ ఉండవు, వలయాలూ ఉండవు. గడియారం నడుస్తూనే ఉంటుంది, లోపల నగిషీ కుళ్లిపోతూనే ఉంటుంది. ఎవరికీ కనపడదు. ఎవరికీ కనపడని చోటే ఆ మహానుభావుడు అంత కష్టపడ్డాడు మరి.

కేశవరావుగారు తల తుడుచుకుంటూ వచ్చేసరికి, "దీన్ని విప్పి కడగాలండీ," అన్నాడు కొండయ్య.

"నడిచే గడియారాన్ని ఎవడైనా విప్పుతాడటయ్యా? ఏం, కెంపుల మీద మనసైందా?"

గుమ్మంలోంచి పద్మావతిగారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. కొండయ్యకి ఒక్కసారిగా ఒళ్లంతా బరువెక్కింది. దాచుకోవడానిక్కూడా సత్తువ కావాలి కదా. అది కాలవగట్టు మీదే అయిపోయింది.

"తప్పు నాదండీ. నూనె దొరక్క కొబ్బరినూనె వేసేను."

"ఏం నూనె?"

"కొబ్బరినూనండీ."

"మా నాన్నగారి గడియారానికా!"

"ఆయ్."

కేశవరావుగారు తువ్వాలు దింపి చూసేరు. తిట్టడానికి నోరు తెరిచేరు. కాని కొబ్బరి మాట వినేసరికి ఆయనలో తోటల ఆసామి ముందుకొచ్చేడు. "ఏ తోట కాయలు?"

"తమరి తోటవేనండీ. వైశాఖంలో తమరే పంపించేరు, అమ్మగారి తలనూనెకి."

గుమ్మం వెనక గాజులు గలగలమన్నాయి. పద్మావతిగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేరు. సొంత కాయల్ని తిట్టుకోలేక కేశవరావుగారు పడక్కుర్చీలో కూలబడ్డారు.

"సరే, కడుగు. ఎప్పుడిస్తావు?"

"కడగడం ఎంతసేపండీ. కడిగేక వెయ్యడానికి నూనె లేదు. యుద్ధం ఆగి ఓడలు రావాలి. అందాకా లోపలి సరంజామా నా దగ్గర తడి తగలకుండా దాస్తాను."

"అందాకా నేను ఉత్త గొలుసు వేలాడేసుకు తిరగనా? మొలతాడు బయటికొచ్చిందనుకోరూ!"

చివరికి ఇద్దరూ ఓ ఒప్పందానికొచ్చేరు. పైడబ్బా, పింగాణీ ముఖం, ముళ్లు కేశవరావుగారి దగ్గరుంటాయి. లోపల బరువుకి కొండయ్య ఓ సీసం బిళ్ల పెడతాడు. గడియారం ఖాళీదని కొండయ్య చెప్పడు, నూనె సంగతి కేశవరావుగారు చెప్పరు.

"ముళ్లు ఎక్కడ బిగించమంటారండీ?"

కేశవరావుగారు గంభీరంగా ఆలోచించేరు. "పన్నెండుంపావు. ఎవరింట్లో ఉన్నా భోజనానికి లేవమనే వేళ."

ఆ గడియారం పెట్టుకునే ఆయన ఊళ్లు తిరిగేరు. తీసేవారు, ఎవరి కంటా పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూసేవారు, ఎండని బట్టి ఏదో ఒకటి చెప్పేవారు. ఒక పెళ్లిలో పురోహితుడు, "ముహూర్తానికి తమరి గడియారం ఇలా ఇప్పించండి, పాతకాలంది, నమ్మకమైంది," అంటే, "ఇది పొలం పనుల గడియారమండీ, శుభకార్యాలకి కలిసిరాదు," అని వెనక పందిట్లోకి తప్పుకున్నారు. ఆ మాట కొండయ్య చెవిని పడింది. నవ్వు రాలేదు. ఒక పెద్దమనిషి చేత అంత అబద్ధం ఆడిస్తున్నది తన బొట్టు నూనే కదా అనిపించింది.

ఇక మిగిలినవి ఊళ్లో గడియారాలు. కొండయ్య ధనరాజు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ధనరాజు మిషను తొక్కుతూ తొక్కుతూ, తలెత్తకుండానే, "ఆ తాటాకు నీవైపుకి జరుపుకుంటే జరుపుకో అన్నయ్యా, అలా నిలబడతావేంటి ఎండలో," అన్నాడు. రెండేళ్ల తగువు అంతే. సీసాలో ఉన్న కాస్త మిషను నూనె ఇచ్చేడు. గోడగడియారాలు దాంతో గట్టెక్కేయి. కొండయ్య ఇంటింటికీ తిరిగి, "ఏడాదయింది కదండీ, ఓసారి కడగాలి," అని చెప్పి దింపించి, మోసుకొచ్చి, చిలుము గీకి, మళ్లీ మోసుకెళ్లి తగిలించేవాడు. అడగని పని చేసేవాణ్ణి చూస్తే జనానికి అనుమానం. "రాళ్లున్నాయా అందులో?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. గోడగడియారంలో రాళ్లేమిటండీ అని చెప్పే ఓపిక కూడా లేక, "ఆయ్, చూసుకోండి," అనేవాడు.

కేశవరావుగారి చక్రాలూ పలకలూ మటుకు తడి పీల్చడానికి సున్నపురాయి వేసిన డబ్బాలో, పాత పట్టుగుడ్డలో పడుకున్నాయి. యుద్ధం ఆగింది. ఓడలు వెంటనే రాలేదు. నలభై ఆరులో వానలు వెనకబట్టేక, మద్రాసు నుంచి చిటికెనవేలంత సీసా వచ్చింది. ఆపాటికి ఎడం రెప్పకి తోడు కుడి కంటికి మసక పట్టింది. చెయ్యి కూడా మునుపటి చెయ్యి కాదు, ఊగే చక్రాన్ని పట్టుకారుతో ఎత్తేసరికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసొచ్చేది.

చారలు దక్కేయి. వలయాలు దక్కేయి. నీలం లేచిపోయిన మర ఒక్కటీ మిగిలింది. ఏళ్ల తరవాత కుంపటి రాజేసేడు. మర తలని నున్నగా రుద్ది, ఇత్తడి రజను పోసిన గిన్నెలో పెట్టి నిప్పుల మీద ఉంచేడు. ఉక్కు వేడెక్కితే ముందు గడ్డిరంగు వస్తుంది, తరవాత గోధుమ, ఆ తరవాత వంకాయ, ఆఖర్న నీలం. రెప్పపాటు ముందు తీస్తే వంకాయ, రెప్పపాటు ఆలస్యమైతే బూడిద. నీలం వచ్చిందనే తీసేడు. బిగించేడు. అంతా బిగించి, వెలుగులోకి పట్టుకు చూస్తే, నెమలిమెడల మధ్య ఆ ఒక్కటీ లేత వంకాయలా కూర్చుంది.

మళ్లీ విప్పొచ్చు. మళ్లీ రుద్దొచ్చు, మళ్లీ కాల్చొచ్చు. కొండయ్య చాలాసేపు దానికేసి చూసేడు. ఆఖరికి మూత లోపల, మొదటి చింతాకు కింద రెండో చింతాకు గీసేడు. ఇదీ నాదే, ఆ వంకాయా నాదే, అని వచ్చేవాడెవడో చూసుకుంటాడు.

కేశవరావుగారు వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నారు. "ఏదీ, రాళ్లు చూపించు," అన్నారు, అలవాటు పోలేదు. కొండయ్య భూతద్దం ఆయన కంటికే తగిలించేడు. ఆయన లెక్క సగంలో ఆపేసి, మరింత వంగి, ఊపిరి బిగబట్టి చూసేరు. అన్నేళ్లుగా రాళ్లు లెక్కెట్టడమే గాని, ఆ గడియారం లోపలికి ఆయన చూడడం అదే మొదటిసారి.

"ఆచారీ!"

"చెప్పండి బాబుగారూ."

"ఆ వంకాయరంగు మర ఉంది చూడు, మహా బావుందయ్యా. ఎంత పనిమంతుడివి! మిగతావన్నీ కూడా అలాగే చెయ్యకపోయేవా?"

కొండయ్య ఆయన కంటి మీంచి భూతద్దం మెల్లిగా తీసుకుని, మూత అదిమేడు.

"ఆయ్," అన్నాడు. "ఓపిక లేకపోయిందండీ."